అది మి-24 కాదు, వేషం కట్టిన ప్యూమా

సంపాదకులు గారికి,
నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో, సినిమాల్లోనూ టీవీ సీరియళ్లలోనూ కనిపించిన హెలికాప్టర్లకు చిన్న నమూనాలు కట్టేవాళ్ల మీద వ్యాసం వేశారు. ఈ పని గురించి ఒక తెలుగు పత్రికలో పేజీ నిండా రావడం నేను చూడటం ఇదే మొదలు. అందుకు ముందుగా కృతజ్ఞతలు. అయితే అందులో ఒక ఫొటో కింద రాసిన మాట తప్పు. ఇంకొక వాక్యం నన్ను బాధపెట్టింది. రెండింటి గురించీ రాస్తున్నాను. ఉత్తరం పెద్దదవుతుంది, కాస్త ఓపికగా చదవమని మనవి.

ముందు ఫొటో సంగతి. 'రాంబో 3' సినిమాలోని హెలికాప్టర్‌ను వేసి, కింద 'సోవియట్ మి-24' అన్నారు. అది మి-24 కాదు. ఆ సినిమా వచ్చింది 1988లో. ప్రచ్ఛన్న యుద్ధం ఇంకా ముగియలేదు. సోవియట్ యుద్ధ హెలికాప్టర్‌ను హాలీవుడ్ వాళ్లకు షూటింగ్‌కు ఇచ్చేవాళ్లెవరు? అందుకని ఫ్రెంచ్ ఏరోస్పేషియల్ సంస్థవారి ప్యూమా అనే రవాణా హెలికాప్టర్‌ను తెచ్చి, దాని పక్కలకు మి-24కు ఉండేలాంటి పొట్టి రెక్కలు తగిలించి నటింపజేశారు. అంతకు నాలుగేళ్ల ముందు వచ్చిన 'రెడ్ డాన్'లోనూ ఇదే ఉపాయం.

వేషం ఎంత బాగా కుదిరినా కొన్ని చోట్ల మనిషి బయటపడతాడు కదా. హెలికాప్టర్ బయటపడేది తిరిగే రెక్కల లెక్క దగ్గర. మి-24కు నెత్తిమీద అయిదు రెక్కలుంటాయి, ప్యూమాకు నాలుగే. తోక దగ్గర చూస్తే ప్యూమాకు అయిదు, మి-24కు మూడు. మీరు వేసిన ఫొటోలో నెత్తిమీది రెక్కలు నాలుగూ విడివిడిగా కనబడుతున్నాయి, భూతద్దం కూడా అక్కర్లేదు. ఇంత చిన్న విషయానికి ఉత్తరమా అనుకోవచ్చు. కానీ ఆ వ్యాసం చదివి ఎవరో ఒక పిల్లాడో పిల్లో మొదటి కిట్, అంటే నమూనా ముక్కల డబ్బా కొనుక్కుంటారు. 'రాంబో 3' హెలికాప్టర్ చెయ్యాలని మి-24 కిట్ కొంటే, నెలంతా కష్టపడ్డాక చేతిలో ఉండేది ఆ సినిమాలో లేని హెలికాప్టర్. వాళ్లు కొనాల్సింది ప్యూమా కిట్. దాని పక్కలకు తగిలించే ఆ పొట్టి రెక్కలు సొంతంగా చేసుకోవాలి.

నా గురించి రెండు మాటలు. పళ్ల సెట్లు తయారుచేసే ల్యాబ్‌లో ముప్పై రెండేళ్లు టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. మైనం, ప్లాస్టర్, అక్రిలిక్, సన్నని స్టీలు తీగ, చిన్న డ్రిల్లు, పాలిష్ చక్రం. ముప్పై రెండేళ్లూ వీటితోనే బతికాను. నమూనాలు కట్టడం మాత్రం ఆ ఉద్యోగం కంటే ముందే మొదలైంది, మా తమ్ముడి వల్ల.

ఇంట్లో 'బ్లూ థండర్' వీడియో క్యాసెట్ ఒకటి ఉండేది. జాన్ బాదమ్ దర్శకత్వంలో 1983లో వచ్చిన సినిమా. రాయ్ షైడర్ లాస్ ఏంజెలెస్ పోలీసు పైలట్. నేను కథ చూస్తుంటే వాడు రిమోట్ లాక్కుని ఆపేసేవాడు. ఆపితే తెర మీద అడ్డంగా తెల్లగీతలు వణికేవి. ఆ వణుకులోనే ఒకసారి, "అక్కా, దీని తోకలో ఫ్యాను ఉంది చూడవే!" అని అరిచాడు. నిజమే. మిగతా హెలికాప్టర్లకు తోక చివర బయటికి కనిపించే రెక్కలుంటే, దీనికి తోకలో గుండ్రటి రంధ్రం, అందులో ఫ్యాను. అది ఫ్రెంచివాళ్ల గజెల్ హెలికాప్టర్ అనీ, ఆ ఫ్యానును ఫెనెస్ట్రాన్ అంటారనీ, అందులో 13 రెక్కలుంటాయనీ మాకు తెలిసేసరికి రెండేళ్లు పట్టింది. గజెల్ అసలు రూపం చాలా సుకుమారంగా ఉంటుంది, ముందు భాగమంతా కోడిగుడ్డులాంటి గాజు. సినిమావాళ్లు ఆ గుడ్డును తీసేసి, బల్లపరుపు అద్దాలతో పలకలు పలకలుగా ఉండే ముక్కు బిగించారు. ముందు నుంచి చూస్తే పూర్తిగా వేరే యంత్రం, మెడ దాటి వెనక్కి వెళ్తే గజెల్. అప్పటినుంచి మా ఇద్దరికీ ఇదే ఆట. ఏ సినిమాలో హెలికాప్టర్ వచ్చినా వేషం ఎక్కడ మొదలైంది, ఒళ్లు ఎక్కడ మొదలైంది అని వెతకడం.

నమూనా కట్టేటప్పుడు వేషానికీ ఒంటికీ మధ్య ఉన్న ఈ గీత తెలియకపోతే పని చెడుతుంది. ఇందుకు నేను చేసిన తప్పే చెబుతాను. 1/32 సైజులో, అంటే అసలుదానిలో ముప్పై రెండో వంతులో, మోనోగ్రామ్ కంపెనీవాళ్ల 'బ్లూ థండర్' కిట్ కట్టాను. గజెల్ రోటార్ (నెత్తిమీద తిరిగే రెక్కల చక్రం) వ్యాసం 10.5 మీటర్లు, అంటే ఆ సైజులో దాదాపు 33 సెంటీమీటర్లు. మూడు రెక్కలూ నునుపుగా రుద్ది, రంగు వేసి, బిగించి తమ్ముడికి చూపించాను. వాడు రెండు నిమిషాలు ఏమీ అనలేదు. తర్వాత, "అక్కా, ఇది వెనక్కి ఎగురుతుందా?" అన్నాడు. పైనుంచి చూస్తే అమెరికన్ హెలికాప్టర్ల రోటార్ గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. ఫ్రెంచివి, రష్యన్‌వి గడియారం ముల్లు తిరిగినట్టే తిరుగుతాయి. కథ అమెరికాది, పోలీసులు అమెరికావాళ్లు, కాబట్టి రోటారూ అమెరికాదే అనుకుని రెక్కల మందపాటి అంచును తప్పు వైపుకు పెట్టాను. గాలిని ముందుగా కోసేది గుండ్రంగా, మందంగా ఉండే అంచు. వెనక వచ్చేది పలుచని అంచు. మూడు రెక్కలూ ఊడదీసి మళ్లీ బిగించాను. ఇప్పటికీ ఏ నమూనా పూర్తయినా వాడు ఫోన్‌లో ముందు అడిగేది రోటార్ ఎటు తిరుగుతుందనే.

ఇక నన్ను బాధపెట్టిన వాక్యం. 'డబ్బాలో వచ్చిన ముక్కలను తీరిక ఉన్నవాళ్లు అతికించుకునే బొమ్మలు' అని రాశారు. బొమ్మ అనడంలో తప్పు లేదు, బొమ్మ అందమైన మాట. అతికించడం అన్నచోట మాత్రం ఆగాలి. డబ్బాలో వచ్చే ముక్కలు ఎంతవరకు పనికొస్తాయో ఒక్క ఉదాహరణ చెబుతాను.

'మ్యాష్' సీరియల్ మొదట్లో, కొండల మీదుగా గాయపడ్డవాళ్లను మోసుకొచ్చే చిన్న హెలికాప్టర్లు బెల్ 47లు. కొరియా యుద్ధం మూడేళ్లు జరిగితే దాని మీద ఆ సీరియల్ 1972 నుంచి 1983 దాకా నడిచింది. బెల్ 47కు 1946 మార్చి 8న పౌర వినియోగానికి ధ్రువీకరణ వచ్చింది. ప్రపంచంలో ఆ గుర్తింపు పొందిన మొట్టమొదటి హెలికాప్టర్ అదే. దాని ముందు భాగం సబ్బు బుడగలాంటి గాజు గోళం, వెనక భాగం తొడుగు లేని గొట్టాల అల్లిక. ఇరుపక్కలా స్ట్రెచర్లు. కట్టేవాళ్లకు ఈ బుడగా, ఈ అల్లికా రెండూ పరీక్షలే. కిట్‌లో వచ్చే బుడగ రెండు ముక్కలుగా ఉంటే, మధ్యలో అతుకు గీత అద్దం మీద పగులులా కనిపిస్తుంది. ఏ జిగురు పడితే ఆ జిగురు వాడటానికి లేదు. సైనోఅక్రిలేట్ జిగురు (మామూలుగా సూపర్ గ్లూ అంటాం) ఆవిరి పారదర్శక ప్లాస్టిక్ మీద తెల్లగా మంచులా పేరుకుపోతుంది. చెక్కపనికి వాడే తెల్ల జిగురే దానికి మేలు.

నేను ఆ బుడగను డబ్బాలోంచి తీసుకోలేదు. డెంటల్ స్టోన్‌తో, అంటే పళ్ల అచ్చులకు వాడే గట్టి ప్లాస్టర్‌తో అచ్చు పోసి, గీత లేకుండా పాలిష్ పట్టి, దాని మీద పారదర్శక ప్లాస్టిక్ షీటును వేడిచేసి, మెత్తబడి కిందికి జారుతున్నప్పుడు గాలి పీల్చే యంత్రంతో అచ్చుకు అంటుకునేలా లాగాను. రాత్రిళ్లు పళ్లు కొరికేవాళ్లకు తొడుగులు చేసే పద్ధతే ఇది. వేలసార్లు చేసిన పని. అయినా మొదటి ఏడు బుడగలు పాడయ్యాయి. అచ్చు మీద కంటికి కనపడని ధూళి ఒక్క రేణువు ఉన్నా బుడగ మీద మొటిమలా లేస్తుంది. పళ్ల తొడుగులో అది ఎవరికీ తెలియదు, హెలికాప్టర్ అద్దంలో మాత్రం చూపు ముందు అక్కడికే పోతుంది. ఎనిమిదోది కుదిరింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని దీపం కింద తిప్పి చూసుకున్న రాత్రి నాకింకా గుర్తుంది. వెనక అల్లిక కోసం పళ్లకు క్లిప్పులు కట్టే 0.5 మిల్లీమీటర్ల స్టీలు తీగ వాడాను. ఎన్ని అతుకులు వేశానో లెక్కపెట్టలేదు. ఒక అతుకు వేస్తుంటే ఆ వేడికి పక్కది ఊడిపోతుంది. తడి దూది చుట్టి వేడిని ఆపడం ల్యాబ్‌లో నేర్చుకున్నదే.

అందుకని ఆ మాట దగ్గర ఆగాను. తీరిక ఉన్నమాట నిజమే. దాన్ని నేను ఇలా ఖర్చుపెట్టుకున్నాను.

ఇంకా ముఖ్యమైన సంగతి ఒకటుంది, మీ వ్యాసంలో అది అసలు లేదు. తెర మీద చూసిన ఈ హెలికాప్టర్లకు సినిమాకు ముందూ తర్వాతా జీవితం ఉంది. 'ఎయిర్‌వుల్ఫ్' సీరియల్ పేరు చాలామందికి తెలుసు. 1984లో మొదలైంది. అందులో నల్లగా, నునుపుగా, సొరచేపలా ఉండే హెలికాప్టర్ ఒక బెల్ 222. తయారీ క్రమసంఖ్య 47085. నలుపు అనుకుంటాం కానీ పైన వేసింది ముదురు బూడిద మెరుపు రంగు, కింద తెలుపుకు దగ్గరి రంగు. నమూనాకు నల్లరంగు డబ్బా తెచ్చి పూసేవాళ్లు ఇక్కడే పొరపడతారు. అంత చిన్న వస్తువు మీద కటిక నలుపు వేస్తే ఆకారం చచ్చిపోతుంది, వంపులు కనబడవు. బెల్ 222 రోటార్ పన్నెండు మీటర్ల పైచిలుకు, 1/48 సైజులో పాతిక సెంటీమీటర్లు. మూడు చక్రాల బండి కాబట్టి ముక్కులో సీసం ముక్కలు పెట్టకపోతే నమూనా తోక మీద కూలబడుతుంది. ఈ పని రెండు సగాలనూ మూయకముందే గుర్తురావాలి.

ఆ హెలికాప్టర్‌కు తగిలించిన తుపాకులూ రాకెట్లూ అన్నీ నటనే. సీరియల్ 1987లో కొత్త నటులతో నాలుగో సీజన్‌గా సాగినప్పుడు పాత దృశ్యాలనే మళ్లీ మళ్లీ వాడుకున్నారు. హెలికాప్టర్ అప్పటికే వేషం విప్పేసింది. తగిలించినవన్నీ తీసేశాక దాన్ని జర్మనీకి అమ్మారు. అక్కడ అది ఎయిర్ అంబులెన్స్ అయింది. తెర మీద క్షిపణులు పేల్చిన యంత్రం రోగులను ఆస్పత్రికి చేర్చే పనిలో కుదురుకుంది. 1992 జూన్ 6న తుఫాను వాతావరణంలో కూలిపోయింది. లోపలున్న ముగ్గురూ చనిపోయారు.

ఇది నాకు తెలిసినప్పుడు ఎయిర్‌వుల్ఫ్ నమూనా సగంలో ఉంది. కొన్నాళ్లు ముట్టుకోలేకపోయాను. తర్వాత అదే సైజులో ఇంకో కిట్ తెప్పించాను. మొదటిదాన్ని తెర మీద ఉన్నట్టే పూర్తిచేశాను. రెండోదాని మీద కథ కోసం పెట్టిన ఉబ్బెత్తులన్నీ కోసేసి, ఖాళీలకు పుట్టీ పెట్టి, నాలుగు వందల నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి వెయ్యి నంబరు దాకా నీళ్లతో రుద్ది, మామూలు బెల్ 222గా మార్చాను. దాని మీద బూడిదరంగు ప్రైమర్ (అడుగు పూత) వేసి ఆపేశాను. పై రంగు వెయ్యలేదు, గుర్తులు అతికించలేదు. ఆ ముగ్గురూ ఎక్కిన హెలికాప్టర్‌ను నా చేతులతో మెరిపించబుద్ధి కాలేదు. రెండూ ఒకే అరలో పక్కపక్కన ఉంటాయి. చూసినవాళ్లు రెండోది ఇంకా పూర్తికాలేదా అంటారు. పూర్తయిందనే చెబుతాను.

'అపోకలిప్స్ నౌ'లో వరుసగా వచ్చే హ్యూయీలు అనే అమెరికన్ సైనిక హెలికాప్టర్ల సంగతీ ఇలాంటిదే. దర్శకుడు కొప్పోలా ఆ సినిమాను ఫిలిప్పీన్స్‌లో తీశారు, 1979లో విడుదలైంది. హెలికాప్టర్లూ పైలట్లూ అక్కడి మార్కోస్ ప్రభుత్వ సైన్యానివి. షూటింగ్ మధ్యలో తిరుగుబాటుదారులతో నిజం పోరాటానికి వాటిని వెనక్కి పిలిపించుకునేవారు. అంటే తెర మీద వియత్నాంలో ఎగిరే హ్యూయీని కట్టేవాళ్లు అమెరికా సైన్యం రంగుల వెనక ఇంకో దేశపు సైన్యాన్ని కూడా గుర్తుంచుకోవాలి. (కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు హ్యూయీ మంచి ఎంపిక. హ్యూయీల్లో యు.హెచ్-1హెచ్ అనే రకం రోటార్ వ్యాసం 48 అడుగులు, 1/48 సైజులో కడితే సరిగ్గా ఒక అడుగు. కొలత తప్పే వీలే లేదు.)

నేను కట్టనిది కూడా ఒకటుంది. 1982 జూలై 23న కాలిఫోర్నియాలో 'ట్విలైట్ జోన్' సినిమా షూటింగ్‌లో, పేలుళ్లకు మరీ దగ్గరగా ఎగిరిన ఒక హ్యూయీ తోక రోటార్ దెబ్బతిని కూలిపోయింది. దాని కింద నటుడు విక్ మారో, ఇద్దరు చిన్నపిల్లలు ప్రాణాలు కోల్పోయారు. ఆ హెలికాప్టర్ నమూనా చేసిపెట్టమని తెలిసినవారొకరు అడిగారు. చెయ్యనన్నాను. ప్రమాదం జరిగే దృశ్యాన్ని చిన్న నమూనాతో తీస్తే నమూనా విరుగుతుంది, మళ్లీ కట్టుకోవచ్చు. 'బొమ్మలు' అన్న మాట చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఈ సంగతే. సినిమాలకు నమూనాలు కట్టే పనివాళ్లు ఎందరి ప్రాణాలకు అడ్డుగోడగా నిలబడ్డారో ఆలోచించండి.

పిల్లల కోసం ఇంకొక్క మాట, ఎందుకంటే ఈ పొరపాటు తరచుగా చూస్తున్నాను. 'మాగ్నమ్ పి.ఐ.' సీరియల్‌లో చారల రంగులతో తిరిగే హెలికాప్టర్ హ్యూస్ 500డి. కిట్లలో ఎక్కువగా దొరికేది దాని అన్నలాంటి ఓహెచ్-6, సైన్యానిది. రెండూ గుడ్డులాగే ఉంటాయి. కానీ ఓహెచ్-6కు రెక్కలు నాలుగు, 500డికి అయిదు. 500డి తోక పైన అడ్డపట్టీ ఉండి ఇంగ్లిషు 'టి' అక్షరంలా కనిపిస్తుంది. చారలు ఎంత బాగా వేసినా తోక మార్చకపోతే అది మాగ్నమ్ హెలికాప్టర్ కాదు. రంగు వేసే ముందు రెక్కలు లెక్కపెట్టుకోమని పిల్లలకు చెప్పండి.

మీ వ్యాసం రాసినవారి మీద నాకు కోపం లేదు. ఈ పని చేసేవాళ్ల గుమ్మం దాకా వచ్చారు, బల్ల దాకా వచ్చి కూర్చోలేదు, అంతే. వస్తే ప్రైమర్ ఎండేదాకా కూర్చోబెట్టి, ఆ ఎనిమిదో బుడగ చూపిస్తాను. విశ్రాంతిగా నిలబడ్డ హెలికాప్టర్ రెక్కలు సొంత బరువుకు కాస్త కిందికి వంగి ఉంటాయని, ప్లాస్టిక్ రెక్కలను వేడినీళ్లలో ముంచి ఆ వంపు ఎలా తెస్తామో చూపిస్తాను. ఆ కాస్త వంపుతోనే నమూనాకు బరువు వస్తుంది.

నా మనవి ఇది. వచ్చే ఆదివారం సంచికలో ఆ ఫొటో కింది మాటను 'మి-24 వేషంలో ప్యూమా' అని సవరించండి. ఈ ఉత్తరంతో నా బల్ల మీది రెండు నమూనాల ఫొటోలు పంపుతున్నాను, ఒకటి మెరిసేది, ఒకటి బూడిదరంగుది. చోటు ఉండి వేస్తే రెండింటి కిందా ఒకే పేరు రాయండి: బెల్ 222, క్రమసంఖ్య 47085.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రిటైర్డ్ డెంటల్ టెక్నీషియన్